రుజువు ఎవరు చూపాలె? బ్రెజిల్ చరిత్ర, మన భూమి



పోస్టు పెద్దగనే ఉంటది. టైం ఉన్నప్పుడు నిదానంగా చదవండి, మీ ఊరి గ్రూపుల్లో కూడా పెట్టండి.

మేము నలుగురం పాతబస్తీలో ఒకే రూములో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నం. ఒకరిది ఉట్నూరు దిక్కు, ఒకరిది భద్రాచలం దిక్కు, ఒకరిది ఏటూరునాగారం, ఒకరిది అమ్రాబాద్. రోజూ హైకోర్టు ముందు నుంచి నడిచి, నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోతం. మొన్న ప్రపంచ చరిత్ర చదువుతుంటే బ్రెజిల్ వచ్చింది. మాలో చిన్నోడు, "బ్రెజిల్ అంటే ఫుట్‌బాల్, కాఫీ, అమెజాన్ అడవి. అంతే గదా అన్నా, దాన్ని ఇంత చదువుడు మనకెందుకు?" అన్నడు. జవాబు చెప్పలేకపోయినం. వారం రోజులు కూర్చొని చదివినంక అర్థమైంది, అది మన ఇంటి ముచ్చటే అని. ఆ చదివింది మీ ముందు పెడుతున్నం.

మండిలో దొరికిన రెండు మాటలు

మీరాలం మండిలో అనాసపండు కొంటం. చార్మినార్ దగ్గర మిఠాయి దుకాణంలో కాజూ అని అడుగుతం. ఈ అనాస, కాజూ రెండూ బ్రెజిల్ ఆదివాసుల మాటలే. టుపి, గ్వారనీ భాషల కుటుంబంలో పుట్టి, పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చినయి. శ్రీకాకుళం కొండల్లో మనోళ్లు పెంచే జీడిమామిడి, రంపచోడవరం దిక్కు వేసే కర్రపెండలం (దాని నుంచే సగ్గుబియ్యం తీస్తరు) ఇవన్నీ ఆ గడ్డ నుంచి వచ్చిన పంటలే.

పంటలు ప్రపంచమంతా తిరిగినయి, పేర్లు కూడా నిలిచినయి. మరి ఆ పేర్లు పెట్టినోళ్ల భూమి ఏమైంది? మా చదువు ఈ ప్రశ్న దగ్గర మొదలైంది.

ఎంత పెద్ద దేశం

బ్రెజిల్ వైశాల్యం సుమారు 85 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి రెండున్నర రెట్లు పైనే. ప్రపంచంలో అయిదో పెద్ద దేశం. జనాభా మాత్రం 2022 లెక్కల ప్రకారం 20 కోట్ల 30 లక్షలు. సోయా, కాఫీ, చక్కెర, గొడ్డు మాంసం ఎగుమతిలో ముందు వరసలో ఉంటుంది.

అదే జనాభా లెక్కల్లో ఆదివాసులు దాదాపు 17 లక్షలు. అంటే నూటికి ఒక్కరు కూడా లేరు, 0.83 శాతం. మన దేశంలో 2011 లెక్కల ప్రకారం షెడ్యూల్డ్ తెగలు 8.6 శాతం. అయితే ఆ కొద్దిమందిలోనే 391 తెగలు, 295 భాషలు ఉన్నట్టు లెక్క తేలింది. తెల్లోళ్లు రాకముందు అక్కడ 30 లక్షల దాకా ఆదివాసులు ఉండేవారని ఒక అంచనా. 500 ఏళ్లలో ఎట్లా తగ్గారో చూద్దాం.

1500: ఇండియాకు పోతూ దిగిన ఓడలు

1494లోనే స్పెయిన్, పోర్చుగల్ రాజులు టోర్డెసియాస్ అనే ఊళ్లో కూర్చొని సముద్రం మీద ఒక గీత గీసుకున్నారు. గీతకు పడమర స్పెయిన్‌ది, తూర్పు పోర్చుగల్‌ది. అక్కడ ఎవరుంటున్నారో ఎవరూ అడగలేదు. 1500 మార్చిలో పెద్రో కబ్రాల్ అనే పోర్చుగీసు నాయకుడు 13 ఓడలతో ఇండియాకు బయలుదేరి, ఏప్రిల్‌లో బ్రెజిల్ తీరం చేరాడు. కొద్ది రోజులుండి, అదే ప్రయాణంలో మన కోళికోడ్‌కు వచ్చాడు.

అక్కడ వాళ్లకు మొదట కనిపించిన సొమ్ము ఒక చెట్టు. దాని చెక్క నుంచి ఎర్ర రంగు వస్తుంది. ఆ చెట్టు పేరే దేశానికి పెట్టారు. తర్వాత చెరకు తోటలు వేశారు. తోటల్లో పనికి ముందు ఆదివాసులను బానిసలుగా పట్టారు. మశూచి, తట్టు లాంటి కొత్త రోగాలతో ఊళ్లకు ఊళ్లు పోయాయి. అప్పుడు ఆఫ్రికా నుంచి మనుషులను తెచ్చారు. మూడు వందల ఏళ్లకు పైగా సాగిన ఆ వ్యాపారంలో బ్రెజిల్‌లో దిగిన ఆఫ్రికన్లు 48 లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల లెక్క. అమెరికా ఖండాల్లో అన్నిటికంటే చివరగా, 1888లో, బానిసత్వాన్ని రద్దు చేసిన దేశం అది.

పారిపోయిన బానిసలు అడవుల్లో సొంత ఊళ్లు కట్టుకున్నారు. వాటిలో పెద్దది పల్మారెస్. దాని నాయకుడు జుంబి 1695 నవంబర్ 20న చంపబడ్డాడు. ఆ రోజు ఇప్పుడు బ్రెజిల్ అంతటా సెలవు. మనం కుమ్రం భీం వర్ధంతికి జోడేఘాట్ పోయినట్టు, వాళ్లు జుంబిని తలుచుకుంటారు.

"ఉన్నోడిదే భూమి" అన్నది ఎవరి కోసం?

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. పోర్చుగీసు వాళ్లు ఆ పాత గీత దాటి లోపలికి చాలా దూరం పోయారు. 1750లో మాడ్రిడ్ ఒప్పందం చేసుకునేటప్పుడు, "నేల మీద ఎవరు ఉంటే భూమి వాళ్లది" అనే సూత్రాన్ని ముందుపెట్టి ఆ భూమినంతా తమ పేరున చేసుకున్నారు. మరి వేల ఏళ్లుగా ఆ నేల మీదే ఉన్న ఆదివాసులకు ఆ సూత్రం వర్తించలేదు. అదే ఒప్పందం కింద గ్వారనీల ఏడు ఊళ్లను ఖాళీ చేయమన్నారు. వాళ్లు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు సెపే తియరాజు 1756లో యుద్ధంలో చనిపోయాడు.

1822లో స్వాతంత్ర్యం వచ్చింది, కానీ రాజరికం పోలేదు. 1850లో భూమి చట్టం తెచ్చారు. ఇక మీద ప్రభుత్వ భూమి కావాలంటే కొనుక్కోవాల్సిందే అన్నారు. పైసలున్నోడికే భూమి. 1888లో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు సెంటు భూమి ఇవ్వలేదు. ఆ ఫలితం ఇప్పటికీ ఉంది. 2017 వ్యవసాయ లెక్కల ప్రకారం, వెయ్యి హెక్టార్లకు మించిన కమతాలు మొత్తం కమతాల్లో ఒక శాతమే. కానీ సాగు భూమిలో దాదాపు సగం వాటి కిందే ఉంది. బ్రెజిల్‌లో పేదరికం గురించి, నగరాల్లో కొండల మీద కట్టుకున్న మురికివాడల గురించి చదివేటప్పుడు ఈ లెక్క పక్కన పెట్టుకొని చదవాలె.

కాపాడటానికి పెట్టిన ఆఫీసు

1910లో రోండన్ అనే సైనికాధికారి నాయకత్వంలో ఆదివాసుల రక్షణకు ఒక ప్రభుత్వ సంస్థ పెట్టారు. మొదట్లో మంచి పేరే వచ్చింది. తర్వాత అందులో చేరినవాళ్లే భూములు అమ్ముకున్నారు, జనాన్ని హింసించారు. 1967లో ఫిగెరెదో అనే ప్రభుత్వ న్యాయాధికారి విచారణ చేసి, దాదాపు 7,000 పేజీల నివేదిక ఇచ్చాడు. హత్యలు, వెట్టిచాకిరీ, భూముల దోపిడీ అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఆ సంస్థను మూసేసి, ఫునాయ్ అనే కొత్త సంస్థ పెట్టారు. నివేదిక మాత్రం కనిపించకుండా పోయింది. మళ్లీ 2013లో రియో నగరంలోని ఒక మ్యూజియంలో బయటపడింది.

1964 నుంచి 1985 దాకా సైనిక పాలన. ఆ కాలంలో అమెజాన్‌ను ఖాళీ భూమి అని చెప్పి, మధ్యలో నుంచి వేల కిలోమీటర్ల రోడ్డు వేశారు. రోడ్డు వెంట కలప వ్యాపారులు, పశువుల ఆసాములు, బంగారం తవ్వేవాళ్లు పోయారు. 1946 నుంచి 1988 మధ్య కనీసం 8,350 మంది ఆదివాసులు చనిపోయారని, దానికి ప్రభుత్వానిదే బాధ్యత అని 2014లో సత్య కమిషన్ అంచనా వేసింది. అది కూడా కొద్ది తెగలను మాత్రమే లెక్కలోకి తీసుకొని చెప్పిన అంకె.

1988: రెండు దేశాలు, ఒకే సంవత్సరం

సైనిక పాలన పోయినంక కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. అది రాస్తుండగా 1987 సెప్టెంబర్‌లో అయిల్టన్ క్రెనాక్ అనే ఆదివాసీ యువకుడు తెల్ల సూటు వేసుకొని రాజ్యాంగ సభలో నిలబడ్డాడు. మాట్లాడుతూనే, వాళ్ల తెగలో దుఃఖానికి పూసుకునే నల్ల రంగును ముఖమంతా పూసుకున్నాడు. దేశమంతా చూసింది.

1988 అక్టోబర్ 5న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 231వ అధికరణంలో, ఆదివాసులు తరతరాలుగా ఉంటున్న భూముల మీద వాళ్లకు మూల హక్కు ఉందని రాశారు. అంటే రాజ్యం ఇచ్చే హక్కు కాదు, రాజ్యం కంటే ముందే ఉన్న హక్కు. రాజ్యం చేయాల్సింది హద్దులు గుర్తించడం మాత్రమే. అయిదేళ్లలో హద్దుల పని పూర్తి కావాలని కూడా రాశారు. ఇప్పటికీ పూర్తి కాలేదు. దేశంలో 13 శాతం భూమి ఆదివాసీ ప్రాంతాల కింద ఉన్నమాట నిజమే. అయితే 2022 లెక్కల్లో ఆదివాసుల్లో 63 శాతం మంది ఆ గుర్తించిన హద్దుల బయటే ఉన్నారు.

అదే 1988లో మన దగ్గర ఏం జరిగింది? 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్, మనం 1/70 అని పిలుచుకునేది, చెల్లుతుందని జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు మేము రోజూ చూసే ఈ మూసీ ఒడ్డు హైకోర్టు నుంచి పోయిందే. 1/70 అంటే ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనరాదన్న సంగతి అందరికీ తెలుసు. దాని లోపల ఇంకొక మాట ఉంది, మనలో చాలామందికి తెలియదు. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుని నుంచే వచ్చిందని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదంటే రుజువు చూపాల్సింది ఆ గిరిజనేతరుడే. మన తాత పేరున కాగితం లేదు గదా అని మనల్ని అడగడానికి లేదు. వానికి ఎట్లా వచ్చిందో వాడే చెప్పాలె.

ఈ ఒక్క వాక్యం విలువ ఏందో బ్రెజిల్‌ను చదివితే తెలుస్తుంది.

ఒక తేదీ పెట్టి అడగడం

బ్రెజిల్‌లో పెద్ద రైతుల వర్గం ఒక వాదన పట్టుకొచ్చింది. 1988 అక్టోబర్ 5 నాటికి ఆ భూమి మీద ఉన్నట్టు, లేదా అప్పటికే దాని కోసం కొట్లాడుతున్నట్టు చూపించిన తెగకే హక్కు ఉంటుందన్నది ఆ వాదన. వినడానికి సబబుగానే అనిపిస్తుంది. కానీ దక్షిణాన సాంత కాతరీనా రాష్ట్రంలోని షోక్లెంగ్ తెగ సంగతి చూడండి. వలస వచ్చిన వాళ్లకు భూమి ఖాళీ చేయించడానికి కూలి ఇచ్చి మనుషులను పెట్టి వాళ్లను వేటాడించారు. మిగిలినవాళ్లను చిన్న జాగాలోకి నెట్టారు. తర్వాత ఆ జాగాలో కూడా వరద ఆపడానికి డ్యామ్ కట్టారు. అట్లా వెళ్లగొట్టి, "ఆ తేదీన నువ్వు అక్కడ ఎందుకు లేవు?" అని వాళ్లనే అడిగారు.

షోక్లెంగ్ కేసులోనే 2023 సెప్టెంబర్ 21న బ్రెజిల్ సుప్రీంకోర్టు 9–2 తేడాతో ఆ వాదనను కొట్టేసింది. మూడు నెలలు తిరగకముందే పార్లమెంటు అదే వాదనను చట్టంగా చేసింది. అధ్యక్షుడు లూలా అందులో ముఖ్యమైన భాగాలను ఆపితే, ఆ అడ్డును కూడా డిసెంబర్‌లో సభ తోసేసింది. కోర్టులో గెలిచినా చట్టసభలో ఓడిపోవచ్చని అక్కడి నుంచి మనం నేర్చుకోవాలె.

మనకూ ఒక తేదీ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో అది 2005 డిసెంబర్ 13. ఆ తేదీకి ముందు నుంచి సాగులో ఉన్నట్టు మనమే చూపాలె. 1/70లో వాడు చూపాల్సిన రుజువు, ఇక్కడ మన మీదికి వచ్చింది. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరించిన వాళ్లను అడవి నుంచి పంపించాలని సుప్రీంకోర్టు ఆర్డరు ఇచ్చింది. దేశమంతా లక్షల కుటుంబాల గుండె ఆగినంత పనైంది. రెండు వారాలకు, ఫిబ్రవరి 28న, ఆ ఆర్డరును అదే కోర్టు ఆపింది. ఆ పదిహేను రోజులు మా ఇళ్లల్లో ఎట్లా గడిచినయో మాకు తెలుసు. 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు, సంతోషమే. రానోళ్లు ఇంకా ఉన్నరు.

ఇదే పాతబస్తీ నుంచి

ఇది కొత్త పంచాయితీ కాదు. నిజాం రాజ్యానికి రాజధాని ఇదే పాతబస్తీ. 82 వేల చదరపు మైళ్ల రాజ్యం, చట్టం ఇక్కడ రాసేవారు. ఇక్కడ గీసిన రిజర్వు ఫారెస్టు గీతలు ఆదిలాబాద్ గోండు గూడేల మధ్య నుంచి పోయినయి. నిన్నటి దాకా దున్నుకున్నోడు ఒక్కరోజులో ఆక్రమణదారుడయ్యాడు. కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అని లేచింది అందుకే. 1940లో జోడేఘాట్‌లో ఆయన అమరుడైనంకనే సర్కారుకు సోయి వచ్చింది. హైమన్‌డార్ఫ్‌ను పంపి గూడేల పరిస్థితి తెలుసుకున్నారు, పట్టాలు ఇచ్చారు. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక చట్టం తెచ్చారు. ఆంధ్ర ఏజెన్సీలో 1959లో వచ్చిన భూ బదలాయింపు రెగ్యులేషన్ 1963లో తెలంగాణకు వర్తించింది. దాన్ని గట్టిగా చేసిందే 1/70.

ఇప్పటి కష్టాలు

బ్రెజిల్ ఇప్పటి సవాళ్లలో ముందు చెప్పాల్సింది అడవి. 2004లో ఒక్క ఏడాదిలో అమెజాన్‌లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నరికారు. ఉపగ్రహాలతో నిఘా పెట్టి, జరిమానాలు వేసి, 2012 నాటికి 4,600లోపుకు తెచ్చారు. నిఘా సడలించగానే 2021లో మళ్లీ 13 వేలు దాటింది. ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే ఆదివాసీ ప్రాంతాల హద్దు దగ్గర అడవి కొట్టినట్టు ఆగిపోయి కనిపిస్తుంది. బయట సోయా, పశువుల బీళ్లు. లోపల పచ్చదనం. అడవిని కాపాడేది ఎవరో వేరే చెప్పనవసరం లేదు.

రెండోది బంగారం. యనోమామి తెగకు 1992లో 96 లక్షల హెక్టార్ల ప్రాంతాన్ని గుర్తించారు. హద్దు గీసినా వేల మంది అక్రమ తవ్వకందార్లు లోపలికి దూరారు. బంగారం తీయడానికి వాడే పాదరసం నదుల్లో కలిసింది. మలేరియా, ఆకలితో పిల్లలు చనిపోతుంటే 2023 జనవరిలో అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మన బొర్రా దగ్గర గనుల లీజులు ఇస్తే సమత కేసు పడింది గుర్తుందా? హైకోర్టులో ఓడి, 1997 జులైలో సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడే, సర్కారు భూమైనా లీజుకు ఇవ్వరాదన్నది ఆ తీర్పు.

మూడోది డ్యాములు. షింగు నది మీద బెలో మోంటే కట్టారు, 2016లో కరెంటు మొదలైంది. నీళ్లు తగ్గి, చేపలు పోయి, నది మీద బతికేవాళ్లు పట్నం అంచులకు చేరారు. పోలవరం ముంపు మండలాల కోయ, కొండరెడ్డి తమ్ముళ్లకు ఇది వివరించాల్సిన పని లేదు.

వాళ్ల గెలుపులు

అన్నీ ఓటములే అనుకోకండి. 2012లో చట్టం తెచ్చి, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సగం సీట్లు సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు కేటాయించారు. అందులో నల్లజాతి, మిశ్రమజాతి, ఆదివాసీ పిల్లలకు వాళ్ల జనాభా నిష్పత్తిలో వాటా ఉంది. జోయెనియా వపిషానా ఆ దేశంలో లా చదివిన మొదటి ఆదివాసీ మహిళ. 2008లో రపోజా సెర్రా దో సోల్ భూమి కోసం సుప్రీంకోర్టులో నిలబడి వాదించింది. 2009లో తీర్పు ఆదివాసుల పక్షాన వచ్చి, వరి ఆసాములు భూమి విడిచిపోయారు. 2018లో పార్లమెంటుకు గెలిచింది. 2023లో ఫునాయ్‌కే అధ్యక్షురాలైంది. అదే ఏడాది ఆదివాసీ ప్రజల కోసం మొదటిసారి ఒక మంత్రిత్వ శాఖ పెట్టి, సోనియా గ్వజజరాను మంత్రిని చేశారు. హైకోర్టు ముందు నడిచిన ప్రతిసారీ మాకు జోయెనియా గుర్తొస్తది. లా చదువుతున్న మన చెల్లెళ్లు ఈ పేరు రాసిపెట్టుకోండి.

ఇంకొక మనిషి మారియో జురూనా. షవాంతే తెగ. 1982లో పార్లమెంటుకు గెలిచిన మొదటి ఆదివాసీ. ఆయన ఎక్కడికి పోయినా టేప్ రికార్డర్ పట్టుకొని పోయేవాడు. అధికారులు, నాయకులు చెప్పే ప్రతి మాటా రికార్డు చేసేవాడు. ఎందుకంటే చెప్పింది చెప్పలేదనడం వాళ్లకు అలవాటు.

మనం చేయాల్సింది

జురూనాకు టేప్ రికార్డర్ ఉంటే, మన జేబుల్లో ఫోన్లు ఉన్నయి. అటవీ హక్కుల చట్టం రూల్స్‌లో పెద్దమనుషులు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా రుజువే. పాత సమాధులు, బావులు, దేవుని జాగాలు కూడా రుజువులే. ఉపగ్రహ ఫోటో ఒక్కటే రుజువు అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు ప్రతి ఒక్కరం ఒక పని చేద్దాం. తాతను, అవ్వను కూర్చోబెట్టి, ఏ చేను ఎప్పటి నుంచి దున్నుతున్నరో, ఎవరు ఎప్పుడు వెళ్లగొట్టిండ్రో అడిగి రికార్డు చేయండి. తర్వాత రాసి, చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకోండి. హద్దు రాళ్లు, సమాధులు, ఇప్పచెట్లు ఫోటోలు తీయండి. గ్రామసభలో పెట్టి, ఒక జిరాక్స్ ఇంట్లో ఉంచండి. పట్టా వచ్చినోళ్లు కూడా చేయండి, బ్రెజిల్‌లో గీసిన హద్దులను కూడా మళ్లీ అడుగుతున్నరు గదా. 1/70 భూముల్లో ఎవరన్నా మనల్ని కాగితం అడిగితే, ముందు నీది చూపు అనండి. ఆ మాట చట్టంలోనే ఉంది.

మా చిన్నోడు ఇప్పుడు బ్రెజిల్ ఎందుకు అని అడుగుతలేడు. పోయిన ఆదివారం అమ్రాబాద్‌కు ఫోన్ చేసి వాళ్ల అవ్వతో గంటసేపు మాట్లాడిండు, అంతా రికార్డు చేసిండు. మొదటి ఫైలు మా దగ్గరుంది. మీవి కూడా చేయండి.

జోహార్ కుమ్రం భీం. జల్, జంగల్, జమీన్.